ఆకు రాలినప్పుడు చేసిన బేరం

కంపెనీకి నేను చేసిపెట్టిన బేరాలల్ల అన్నిటికంటె గొప్పది నిర్మల్ ఘాటు అవతల చేసిందే. ఒక్క దెబ్బకు జాగ కిరాయి తగ్గించిన, రోడ్డు ఏసే ఖర్చు లేకుంట చేసిన, టవరు ఎత్తు గూడ తగ్గించిన. హైదరాబాదుల మీటింగు పెట్టి, నన్ను నిలబెట్టి, చప్పట్లు కొట్టి గోడ గడియారం ఇచ్చిన్రు. ఆ గడియారం ఇయ్యాల్టికి మా ఇంట్ల నడుస్తనే ఉంది. నడవంది టవరే.

ఈ పనిలకు కొత్తగ వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గర కూసుంటరు. ఫోన్లల ఐదో తరం వచ్చేసింది, ఆరో తరం తయారవుతున్నది అని చెప్తుంటరు. మంచిదే. మాది రెండో తరం. తొంభైల చివర అదే రేపటి కాలం. జేబుల పెడితె అంగీ ఒక దిక్కు వంగిపోయేంత ఫోను, మనకు వచ్చిన కాల్‌కు గూడ మనమే పైసలు కట్టే రోజులు. అయినా మా పెద్దసారు "భవిష్యత్తు" అనకుంట ఒక్క వాక్యం పూర్తి చేసేటోడు కాదు. నా హోదా పేరుల గూడ నెట్‌వర్కు అనీ, అభివృద్ధి అనీ పెద్ద మాటలుండేవి. పని మాత్రం చిన్నది: టవరుకు జాగ చూసి, ఆ జాగ గలాయనను ఒప్పించుడు. రేడియో అలలు ఎట్ల పోతయో నాకు తెల్వది. మనిషి ఎంతకు దిగుతడో తెలుసు.

ఆ విద్య జమ్మికుంటల, పత్తి మార్కెట్టుకు పోయే తొవ్వల ఉన్న మా బట్టల దుకాణంల నేర్చుకున్న. దుకాణానికి మెట్లుండేవి. బేరం కుదరక గిరాకి లేస్తే మా బాపు ముఖం తిప్పుకొని గుడ్డలు మడత పెట్టుకుంట కూసునేటోడు. చెవి మాత్రం మెట్ల మీదనే ఉండేది. గిరాకి కింది మెట్టు మీద కాలు పెట్టంగనే "అగో, జర ఇటు రాండ్రి" అని పిలిచేటోడు. బాపు పిలిస్తే గిరాకి గెలిచినట్టు. పిలవకముందే గిరాకి వెనక్కి తిరిగితే బాపు గెలిచినట్టు. అన్నం తినుడు తర్వాత నేను నేర్చుకున్నది ఆ మెట్లు దిగుడే. ఎంత నెమ్మదిగ దిగాల్నో, ఎక్కడ చెప్పులు సవరించుకున్నట్టు ఆగాల్నో, అన్నీ తెలుసు.

తర్వాత ఈ ఫోన్ల కంపెనీ వాళ్లు మా దుకాణం కప్పు మీద యాంటెన్నా పెడతమని వచ్చిన్రు. కిరాయి దగ్గర వాళ్లను పొద్దంత కూసుండబెట్టి చాయలు తాగించి, ఆఖరికి నేను అన్న ధరకే ఒప్పించిన. పోయేటప్పుడు పెద్దసారు నవ్వి, ఇసొంటోడు మనకు ఎదురుంగ కూసునే బదులు మన పక్కన కూసుంటే మేలు అన్నడు. అట్ల దొరికింది నౌకరి.

నిర్మల్ నుంచి ఆదిలాబాదు దాకా హైవే పొంటి టవర్లు నిలబెట్టాలె. వానకాలంల ఆదిలాబాదుల ప్రారంభం. టవర్ల మీద గిన్నెల వంటి డిష్‌లుంటయి. ఒక టవరు మీది గిన్నె ఇంకో టవరు మీది గిన్నెను కండ్లతోని చూసినట్టు చూడాలె. మధ్యల గుట్ట అడ్డమొచ్చినా, చెట్టు అడ్డమొచ్చినా మాట అక్కడనే ఆగిపోతది. ఈ కథకు ఇంతకంటె సాంకేతికం అక్కర లేదు. నాకు గూడ ఇంతకంటె రాదు.

ఆ దారి చూసేతందుకు నాతోని ఒక రేడియో ఇంజనీరును పంపిన్రు. గుంటూరు దిక్కు పిల్లగాడు, నెమ్మదస్తుడు. నౌకరి ఇంకా పక్కా కాలే. ఈ లైను చెప్పిన దినానికి మొదలైతేనే పక్కా చేస్తమని, లేకుంటె అంతేనని ముందే చెప్పి పంపిన్రు. ఆ సంగతి ఆయన నాకు మొదటి దినమే చెప్పిండు. నన్ను అన్నగారూ అని పిలిచేటోడు. హోలీ రోజులు. ఘాటు ఎక్కంగనే జీపు ఆపించి, రెండు దిక్కులా టేకడవిని చూసి, పాపమన్నట్టు అడిగిండు:

"అన్నగారూ, ఈ అడవి ఎప్పుడు కాలిపోయిందండీ?"

"కాలలే తమ్మీ. ఎండకు అంగీ విప్పి కూసున్నది, అంతే."

వాళ్ల దిక్కు కొబ్బరి, మామిడి. చెట్టు ఆకులన్నీ దులుపుకొని కట్టె లెక్క నిలబడుడు ఆయన ఎన్నడూ చూడలే. నేను చూసిన. అందుల ఉన్న తమాషా అదే.

ఘాటు దాటినంక ఒక గుట్ట ఆయనకు బాగ నచ్చింది. గుట్ట ఒక పటేలుది. ఆ గుట్ట మీద టవరు పెడితే ఇటు గిన్నె, అటు గిన్నె అన్నీ అడవి మీదికెల్లి చూస్తయన్నడు. నాకేమో అందుల ఖర్చులే కనవడ్డయి. పైకి రోడ్డు ఏయాలె, కరెంటు తీగ గుంజాలె, పటేలు అడిగిన కిరాయేమో ఆ దిక్కు ఎవరూ విననిది. ఎంతనో చెప్పను. ఇప్పటి పిల్లలు వింటె నవ్వుతరు, అప్పుడు నాకు కండ్లు తిరిగినయి.

పటేలు పెద్దమనిషి. మాటల మరాఠీ కలుస్తది, మనిషిని సూటిగ చూస్తడు. నేను కంపెనీ నుంచి వచ్చిన అని చెప్పినా నన్ను సేటు అనే పిలిచిండు. ఎట్ల కనిపెట్టిండో మరి. గుట్ట నడుమ ఉన్న ఇంటి వాకిట్ల నులక మంచం మీద కూసుండబెట్టిండు. నేను నా పద్ధతిల మొదలుపెట్టిన. గుట్ట మీద గడ్డి గూడ మొలవదన్న. పక్క ఊర్ల ఇంకో గుట్ట చూసినమన్న, చూడలే. పటేలు అంతా విని, ఎడ్ల దిక్కు చూసుకుంట అన్నడు:

"బస్, ఎందుకు గింత కష్టపడుతవు సేటు. నా ధర గిదే. నీకు నమ్మకం లేకుంటె జూన్ల రా. వానలు పడ్డంక గీ గుట్టెక్కి సూడు, కింద ఇంకేదన్న జాగ నుంచి సూడు. అప్పుడు మాట్లాడుదం."

ఈ మాట నేను విన్న. మంచిగనే విన్న. ధర దిగదల్సుకోనప్పుడు మా బాపు గూడ "దసరా అయినంక రాండ్రి" అనేటోడు. అది అమ్మేటోని మాట. గడువు పెంచితే కొనేటోనికి పరేషాన్ పెరుగుతది, ధర పెరుగుతది. పటేలు మాటను నేను అదే ఖాతాల ఏసుకున్న. "సరె పటేలా, ఆలోచించుకో" అని లేచిన.

గుట్ట నుంచి కిందికి రాళ్ల తొవ్వ. అచ్చం మెట్లే. నెమ్మదిగ దిగిన. నడుమ చెప్పుల ముల్లు దిగినట్టు ఆగిన. ఇంజనీరు నా వెనుక వచ్చుకుంట, ఆయన అడిగింది ఇచ్చేద్దాం అన్నగారూ, జాగా చాలా బాగుంది అని గొణుగుతనే ఉన్నడు. "వెనక్కి చూడకు తమ్మీ, పిలుస్తడు" అన్న. కింది దాకా వచ్చినం. ఆఖరికి నేనే వెనక్కి చూసిన. పటేలు మమ్ముల చూస్తలేడు. ఎద్దు మెడ కింద గోకుతున్నడు.

పిలవని దుకాణానికి మళ్ల ఎక్కుడు నా ఒంట్ల లేదు. హైవే మీద చాయ హోటలు వెనుక ఒక చెలక, వానకు పండే చేను, ఉండె. ఆ చెలక ఆయన సగం ధరకు, అదిగూడ నేను లేవకముందే, ఒప్పుకున్నడు. రోడ్డు పక్కనే, కరెంటు పక్కనే. కాని జాగ పల్లంల ఉన్నది. ఇక్కడైతే పొడుగు టవరు ఏయాలె, చెట్లకని ఇంకొంత ఎత్తు ఇడిచిపెట్టాలె అన్నడు ఇంజనీరు. పొడుగు టవరు అంటే నేను కిరాయిల మిగిలించింది అంతా ఇనుముల పోతది. "ముందు సూడు తమ్మీ, కనవడకపోతె అప్పుడు పొడుగు సంగతి" అన్న.

అప్పట్ల దారి చూసే పద్ధతి ఏమంటే అద్దం. ఒకరు అవతలి టవరు ఎక్కి అద్దంతోని ఎండను ఇటు కొట్టాలె. ఇంకొకరు ఇవతల దుర్బీనుతోని ఆ మెరుపు చూడాలె. మెరుపు కనవడితే దారి సాఫ్ ఉన్నట్టు. నిర్మల్‌ల గాజుల దుకాణంల అద్దం నేనే కొన్న. దాన్ని గూడ బేరం చేసిన. అద్దం పట్టుకొని, ఘాటు మీద అప్పటికే లేపిన మా టవరు నేను ఎక్కిన. ఆయన హోటలు పక్క పంచాయతీ నీళ్ల ట్యాంకు ఎక్కిండు. ట్యాంకు ఎత్తు, నేను మనసుల అనుకున్న పొట్టి టవరు ఎత్తు, దాదాపు ఒక్కటే. ఫోన్ల కంపెనీ మనుషులం, "కనవడ్డదా" అని ఒకరినొకరం అడుగుతందుకు ఆ దినమంత జీపును అటూ ఇటూ తిప్పినం.

కనవడ్డది. ఆయన ట్యాంకు దిగి చెప్పిండు. "మెరిసిందండి. కొమ్మల మధ్య నుంచి. అయినా చెట్లకి కొంత వదలాలని పుస్తకంలో ఉంది అన్నగారూ."

"ఆ పుస్తకం రాసినాయన టేకు చెట్టు సూసిండా? ముసలి చెట్లు ఇవి. ఇంక పెరుగుతయా?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలె. టేకాకు ఎంతుంటదో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మా బజార్ల వానకాలమంత మాంసం టేకాకులనే చుట్టి ఇచ్చేటోళ్లు. ఒక్క ఆకుల ఇంటిల్లాదికి సరిపోయేంత పట్టేది. ఆ ఆకు ఆ దినం నాకు యాదికి రాలేదా అంటే వచ్చింది. కాని వానలు పడ్డంక చూడమన్న మాట ముందుగల్ల పటేలు నోట్లకెల్లి వచ్చింది. అమ్మేటోడు చెప్పిన మాట నిజమైతదని నాకెవరూ నేర్పలే.

పై నుంచి తొందర. ఇంజనీరు రెండు దినాలు ఆగి, దారి బాగుందని సంతకం పెట్టిండు. పెట్టించింది నేను.

ఎండకాలంల టవరు లేచింది. మిషన్లు పెట్టి చూస్తే మాట గంట కొట్టినట్టు వచ్చింది. నాకు గడియారం ఇచ్చిన మీటింగుల ఇంజనీరు గూడ చప్పట్లు కొట్టిండు, మనస్ఫూర్తిగ.

జూన్ వచ్చింది. పటేలు చెప్పినట్టే వచ్చింది. మొదటి వానలకు లైను జర గొంతు బొంగురు పోయినట్టయింది. ఇంజనీరు మిషన్లను అనుమానించిండు. ఒకటి మార్చిండు, ఇంకోటి మార్చిండు, తీగలు మార్చిండు. లైను ఒక్కొక్క దినం ఒక్కొక్క మెట్టు దిగుకుంట పోయింది. ఒక దినం వాన ఆగినంక దుర్బీను మెడల ఏసుకొని టవరు ఎక్కిండు. నేను కింద హోటల్ల పకోడి తింటున్న. ఆయన చాలసేపు పైననే నిలబడ్డడు. దిగి వచ్చి, నా పక్కన బల్ల మీద కూసున్నడు. కోపం లేదు, ఏం లేదు.

"అన్నగారూ, అడవి అంగీ తొడుక్కుందండీ," అన్నడు.

ఇక ఉరుకులాట. టవరు పెంచుదమంటె పునాది పొట్టి టవరు లెక్కకు ఏసింది. ఆ పునాదిల గూడ నేను మిగిలించి ఉంటి. అడ్డమున్న నాలుగు చెట్లు కొట్టేద్దమని అడవి ఆఫీసరు దగ్గరికి పోయిన. ఆయన నా మాటంత విని, సర్కారు టేకు మీద చెయ్యి పెడితె నన్ను ఏ జైలుల పెడతరో, అక్కడ తిండి ఎట్లుంటదో నెమ్మదిగ చెప్పిండు. ఆయనతోని గూడ బేరం మొదలుపెట్టబోయిన, కాని ఆయన చూపు చూసి చాయ తాగి వచ్చిన.

ప్రారంభం మీదికి వచ్చింది. ఇంజనీరు ఒక ఉపాయం చెప్పిండు. పటేలు గుట్ట మీద పొడుగు పైపు పాతి, తాళ్లతోని గుంజి కట్టి, డిష్‌లు దానికి బిగిస్తే, జనరేటరు మీద లైను నడుస్తది. టవరు తర్వాత లేపుకోవచ్చు. పటేలు సరే అంటే ప్రారంభానికి అందుతది. పెద్దసారు గూడ ఎంతైనా ఇయ్యి అన్నడు. ఇంజనీరు నన్ను జీపు ఎక్కించి, తలుపు పట్టుకొని నిలబడ్డడు.

"ఆయన ఏమడిగితే దానికి సరేనని వచ్చేయండి అన్నగారూ. బేరం వద్దు. నా ఉద్యోగం దీని మీదే ఉంది."

సరే అన్న. నిజంగ ఆ మనసుతోనే పోయిన.

పటేలు అదే మంచం మీద కూసుండబెట్టి చాయ పోయించిండు. నేను రెండింతలకు, మూడింతలకు మనసు గట్టి చేసుకొని కూసున్న. ఆయన అన్నది ఆ హోలీ నాటి ధరనే. ఒక్క పైస పెంచలే.

మీకు నవ్వులాటగ ఉంటది, కాని నా బుర్రల అప్పుడు నడిచింది ఇది: ఎదుటోడు నీళ్లల్ల మునుగుతుంటె ధర పెంచనోడు ఉంటడా? ఉండడు. పెంచలేదంటె ఈయనకే ఏదో అవసరం పడ్డది. అవసరం పడ్డోడు దిగుతడు. నా నోరు నన్ను అడగకుంటనే అన్నది, "జర సూడు పటేలా."

పటేలు నన్ను చూసిండు. మొదటిసారి నవ్విండు.

"సేటు, అప్పుడు గూడ నీకు సాఫ్ జెప్పిన. మా చెట్లు ఆకులేస్తయనే జూన్ల రమ్మన్న. నువ్వు గది గూడ బేరం అనుకున్నవు. ఎండల గిదే ధర, వానల గిదే ధర. తీసుకో, లేకుంటె పో."

హైదరాబాదుల అడిగి చెప్తనని లేచిన. వానల, బురదల, ఆ రాళ్ల తొవ్వ మళ్ల దిగిన. నడుమ ఆగిన గూడ. కింద జీపుల కూసొని చాలసేపు చూసిన. ఎవరూ పిలవలే. నిర్మల్‌ల లాడ్జికి పోయినంక, పటేలు ఏమన్నాడండీ అని ఇంజనీరు అడిగితె, ఆలోచించుకుంటనన్నడు, రేపు పక్కా అని చెప్పిన.

తెల్లారి పోయి, నిలబడే సరే అన్న. పటేలు వెంటనే తన బండ్లే కట్టించి పైపులు, జనరేటరు గుట్ట మీదికి ఎక్కించిండు. ఇంజనీరు వానల తడుసుకుంట అక్కడనే ఉన్నడు. డిష్ తిప్పుడు వెంట్రుక వాసి పని. గాలి ఉంటె పైపు ఊగుతది, మళ్ల మొదటికొస్తది.

దాని తెల్లారే ఆదిలాబాదుల ప్రారంభం. నన్ను హాలుల ఉంచిన్రు. పూలదండలు, షామియానా, జిల్లా పెద్దలంత ముందు వరుసల. ముఖ్య అతిథి ఫోను చెవికి పెట్టుకొని హలో అన్నడు. మళ్ల హలో అన్నడు. నవ్విండు, ఫోను తిప్పి చూసిండు, మళ్ల పెట్టుకున్నడు. ఫోటోగ్రాఫరు తెలివైనోడు, ఆ సప్పుడు లేని ఫోనుతోనే ఫోటో గుంజిండు. తర్వాత ఎవరో పక్క గదిల ఉన్న మామూలు ఫోను తెచ్చి బల్ల మీద పెట్టిన్రు. భవిష్యత్తు సంగతి దాంట్ల మాట్లాడిన్రు.

గెస్టుహౌజుల పెద్దసారు నన్ను పిలిచి అడిగిండు. "సైటు ఎవరు ఎంచారు?"

"నేనే సార్. ఆయన గుట్టనే అడిగిండు. నేనే కానియ్యలే."

"మీరు ఇంజనీరా?"

"కాదు సార్."

"మరి దారి బాగుందని సంతకం పెట్టింది ఎవరు? మీరు బేరం చేశారు, బాగా చేశారు. అది మీ పని. దారి చూడటం అతని పని."

ఇంకా రెండు మాటలన్న. కాని అన్నిటికంటె ముందు అనాల్సిన మాట, మొన్న సరే అని ఉంటె ఇయ్యాల ఫోను మోగేదన్న మాట, నోటి దాకా వచ్చి ఆగిపోయింది. పెద్దసారు కారెక్కిండు.

పొద్దు తిరిగినంక నా జేబుల ఫోను మోగింది. గుట్ట మీద నుంచి ఇంజనీరు.

"అన్నగారూ, వినిపిస్తోందాండీ?"

"వినవడుతుంది తమ్మీ. పక్కన కూసున్నట్టే ఉన్నది."

"వచ్చేసింది చూశారా. సారున్నారా? ఒకసారి ఇవ్వండి ఫోను, మాట్లాడతాను."

వెనుక పటేలు గొంతు గూడ సాఫ్‌గ వినవడ్డది. సేటు మంచిగున్నడా అడుగు అంటున్నడు.

సారు భోజనానికి పోయిండని చెప్పిన.

ఇక లెక్క. కిరాయిల నేను మిగిలించింది: సున్న. ఖరారు పత్రం రాసిచ్చినం గనుక చెలకకు గూడ చాలా ఏండ్లు కిరాయి కట్టినం. రోడ్డు: ఆఖరికి గుట్టకు ఏసినం, వానకాలంల, ఎక్కువకు. పొట్టి టవరు: చెలకల అట్లనే నిలబడ్డది, హోటలాయన దానికి బట్టలు ఆరేసే తీగ కట్టుకున్నడు. పటేలుకు ఇచ్చింది: మొదటి దినం ఆయన చెప్పిందే, ఒక్క పైస అటూ ఇటూ లేదు. ఇంజనీరు నౌకరి: పోయింది. తర్వాత వేరే కంపెనీల నాకంటె పెద్ద కుర్చీల కూసున్నడని విన్న. అది నా ఖాతాల జమ ఏసుకోను, ఆయన సంపాదన. నాకు మిగిలింది: గోడ గడియారం. రెండోసారి గుట్ట దిగిన ఆ ఒక్క దినం: ఏ కాగితంల ఎక్కలే, ఇక్కడ ఎక్కిస్తున్న. చేసింది నేను, దాని ధర కట్టింది ఇంజనీరు.